చాటలో బియ్యం, చేతిలో నవల

మా ఇంట్లో నవల అంటే నాకు చదివేది కాదు, వినేది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటేనో, బియ్యంలో రాళ్లు ఏరుతుంటేనో మా అమ్మాయి గడప మీద కూర్చుని పైకి చదువుతుంది. డిగ్రీ రెండో సంవత్సరం. దామరచర్ల నుంచి రోజూ బస్సులో మిర్యాలగూడ వెళ్లి వస్తుంది. అనువాద నవలలు చదివి, ఒక్కోదానికి తనకేమనిపించిందో నోటుబుక్కులో రాయాలట. "కథ రాయొద్దు, నీకేమనిపించిందో రాయి" అన్నారట వాళ్ల మేడమ్. కథ రాయడమే సులువు కదండీ!

మొదట తెచ్చింది 'ఏడు తరాలు'. అలెక్స్ హేలీ 1976లో ఇంగ్లీషులో రాసినదాన్ని సహవాసి గారు తెలుగు చేశారు. ఆఫ్రికాలోని గాంబియాలో ఒక పల్లె కుర్రాడు కుంటా కింటే కట్టె కొట్టుకు రావడానికి అడవికి వెళ్తే, పట్టుకుని ఓడలో పడేసి అమెరికాలో అమ్మేస్తారు. పారిపోబోతే పాదం నరికేస్తారు. అక్కడికొచ్చేసరికి నేను చాట పక్కన పెట్టేశాను. అతని కూతురు కిజ్జీ. యజమాని బంధువుల పిల్ల ఆటలాడుతూ ఆమెకు అక్షరాలు నేర్పింది. బానిసలకు చదువు రాకూడదు అక్కడ. తను మనసుపడ్డ కుర్రాడు పారిపోవడానికి కిజ్జీ దొంగ చీటీ రాసిచ్చింది. అది బయటపడేసరికి ఆ పదహారేళ్ల పిల్లను తల్లీ తండ్రీ చూస్తుండగానే అమ్మేశారు.

"కిజ్జీ చేసిన నేరం అక్షరాలు రావడం" అని మా అమ్మాయి నోటుబుక్కులో రాసి, కింద రెండు గీతలు కొట్టింది. నా మనసు మాత్రం తల్లి బెల్ దగ్గరే ఆగిపోయింది. ఆమెకూ కాస్త చదవడం వచ్చు, ఎవరికీ తెలియకుండా దాచుకుంది. తల్లి దాచుకుని బతికింది, కూతురు వాడి పోగొట్టుకుంది. ఆ మాటంటే, "నువ్వెప్పుడూ తల్లుల పక్షమే అమ్మా" అని మూతి ముడుచుకుంది.

ప్రేమ్‌చంద్ 'గోదానం' దగ్గర కూడా మాకు వాదులాటే. 1936 నాటి హిందీ నవల. ఆవును కొనుక్కోవాలనే ఆశతోనే హోరీ బతుకంతా అయిపోతుంది. అప్పు మీద అప్పు, ఊరి పెద్దల జరిమానా, చివరికి ఎండలో కూలి. తాడు పేని సంపాదించిన ఇరవై అణాలే అతని భార్య ధనియా చివర్న గోదానం కింద ఇస్తుంది. "ఎందుకియ్యాలి?" అని మా అమ్మాయి కోపం. సాగర్ కాలువ నీళ్లు ఎప్పుడొస్తాయా అని కాచుకుని, వడ్లు అమ్మగానే ఎవరి బాకీ ముందు కట్టాలా అని లెక్కలు వేసుకునే ఇంట్లో ఉన్నదాన్ని, నాకు కోపం రాలేదు. ఆ ఇరవై అణాలు ఎన్నిసార్లు లెక్కపెట్టుకుని ఉంటుందో అనిపించింది.

ఈ మధ్యలోనే అమ్మాయికి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయికి హైదరాబాదులో ఉద్యోగం, మంచి కుటుంబం. "చదువుదేముంది, పెళ్లయ్యాక చదువుకుంటది" అన్నారు మా వైపు పెద్దలు. 1998లో నా ఇంటర్ అయిపోయినప్పుడు కూడా ఇదే మాటన్నారు. ఆ 'పెళ్లయ్యాక' ఇంకా రాలేదు.

సరిగ్గా అప్పుడే గోర్కీ 'అమ్మ' నడుస్తోంది, క్రొవ్విడి లింగరాజు గారి తెలుగులో. పేర్లు నోరు తిరగవు, ఓపిక పట్టండి. తాగి కొట్టే భర్త పోయాక, నీలొవ్నా కొడుకు పావెల్‌తో ఉంటుంది. కొడుకు పుస్తకాలు తెస్తాడు, స్నేహితులు వస్తారు, ఈమె సమోవార్‌లో టీ కాస్తుంది. సమోవార్ అంటే ఏందో అనుకున్నాను. అమ్మాయి ఫోన్‌లో బొమ్మ చూపిస్తే, మన స్నానాల నీళ్ల రాగి బాయిలరే చిన్నదై కూర్చున్నట్టుంది, మధ్యలో నిప్పుల గొట్టంతో సహా! ఫ్యాక్టరీ దగ్గర కూలీలకు క్యాబేజీ సూపు అమ్ముతూ, బట్టల్లో దాచిన కరపత్రాలు లోపలికి చేరవేస్తుంది. (ఆ సూపు నేనూ మిరియాలు, వెల్లుల్లి వేసి కాచాను. మా ఆయన రసమనుకుని అన్నంలో పోసుకున్నారు.)

ఆమెకు నలభై ఏళ్లు. ఆ వయసులో, ఇంట్లో ఉంటున్న కొడుకు స్నేహితుడు ఆండ్రీ అక్షరాలు నేర్పుతాడు. ఇప్పుడా నేను చదువుకోవడం అని సిగ్గుపడి ఏడుస్తుంది. తర్వాత తర్వాత ఎవరూ లేనప్పుడు చదువుకుంటుంది, కళ్లు ఆనవు. ఆ పేజీ అమ్మాయి చదివి ఆపింది. నేను లేచి పొయ్యి దగ్గరకు వెళ్లాను, పొయ్యి మీద ఏమీ లేదు.

ఆ రాత్రి మా ఆయనతో చెప్పాను, డిగ్రీ అయ్యాకే పెళ్లి మాటలని. "మంచి సంబంధం పోతది" అన్నారు. "పోనీయండి" అన్నాను. ఇన్నేళ్లలో అంత గట్టిగా నేను ఎప్పుడూ అనలేదు. ఖర్చు మాటెత్తలేదాయన. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి ఆ మాటకు చోటు లేదు. రెండు రోజులు ముభావంగా ఉండి, మూడోనాడు ఆయనే ఫోన్ చేసి వాళ్లకు చెప్పారు. అటు నుంచి మళ్లీ కబురు రాలేదు. మా ఆడపడుచు నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు.

'అమ్మ' గురించి నోటుబుక్కులో ఏం రాసిందో అమ్మాయి నాకు చూపించలేదు. మిర్యాలగూడలో నాకు దగ్గరి చూపు అద్దాలు మాత్రం తనే దగ్గరుండి కొనిపించింది. ఇప్పుడు భైరప్ప 'పర్వ' మొదలుపెట్టాం, గంగిశెట్టి లక్ష్మీనారాయణ గారు కన్నడం నుంచి తెచ్చినది. ఇటుకరాయంత బరువుంది. తను కాలేజీకి పోయాక మధ్యాహ్నం నాలుగు పేజీలు నేనే ముందుకు వెళ్తున్నాను. మొదలే శల్యుడి ఇంట్లో మనవరాలి పెళ్లి మాటలు!