సగములో నిలిచిన బొమ్మ



కూటములకు, సభలకు బయలుదేరినప్పుడెల్ల మా చేతిసంచిలో బైబిలు, పాటల పుస్తకముతో పాటు ఒక డ్రాయింగు పుస్తకము, రెండు పెన్సిళ్లు, చిన్న రంగుల పెట్టె కూడ ఉంటాయి. బస్సు ఆలస్యమైతే చాలు, ఎదుటనున్న కట్టడమును గీయుటకు కూర్చుంటాము. అయ్యగారికి ఈ పిల్లల ఆట ఏమిటని పెద్దలు కొందరు అనుకొనుట మాకు తెలియకపోలేదు.

2019 డిసెంబరులో సంఘస్థులతో కలిసి మెదకు మహాదేవాలయమునకు వెళ్లాము. కరువు కాలములో జనులకు పని కల్పించి అన్నము పెట్టవలెనని పోస్నెట్ దొరగారు తలపెట్టిన కట్టడమది. 1914లో పని మొదలై పదేండ్లు సాగింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురము ఎత్తు సుమారు 175 అడుగులు.

అంత ఎత్తును జానెడు కాగితములో ఇమిడ్చుట ఎట్లు? మొదట క్రిందినుండి గీసుకొచ్చాము. మెట్లు, తలుపులు బాగానే కుదిరాయి గాని గోపురము సగములోనే కాగితము అయిపోయింది. బాబేలు గోపురములాగా ఆగిపోయిందని మా ఇల్లాలు నవ్వింది. రెండవసారి శిఖరమునకు ఒక చుక్క, నేలకు ఒక గీత ముందే పెట్టుకొని, చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలుతో కొలతలు చూసుకున్నాము. రాతికి నల్లరంగులో నీళ్లు కలిపితే మసి పూసినట్లుంది. నీలములో కొంచెము గోధుమ రంగు కలిపితే రాయి రాయిలాగా కనబడింది. ఆ రాళ్లు మోసినవారు ఆకలితో వచ్చినవారని తలంచుకొనగా చేయి కాసేపు ఆగింది.

మధ్యాహ్నము లోపల కిటికీ ఎదుట కూర్చున్నాము. ప్రభువు జననము, సిలువ, ఆరోహణము మూడు కిటికీలలో గాజు ముక్కలతో చిత్రింపబడి ఉన్నాయి. ఇంగ్లాండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన. వెనుకనుండి వెలుగు పడితేనే ఆ రంగులు. ప్రొద్దుగూకితే ఏమియు కనబడదు. అందుకే మాకు తొందర.

అంతలో ఒక పెద్దాయన వచ్చి ప్రక్కన నిలబడ్డాడు. “అయ్యగారూ, మీరు పాస్టరని బయట చెప్పిండ్రు. మా బిడ్డ దవాఖానల ఉన్నది. జర ప్రార్థన చెయ్యుండ్రి” అన్నాడు.

“ఐదు నిమిషాలు కూర్చో పెద్దయ్యా, వెలుతురు పోతుంది” అన్నాము. తల కూడ ఎత్తలేదు.

నీలము ఆరింది, ఎరుపు వేశాము. తల ఎత్తి చూస్తే ఆయన లేడు. మెట్ల యొద్ద, గేటు యొద్ద, బస్సుల నడుమ వెదకాము. పండుగ దినములు గనుక జనము క్రిక్కిరిసి ఉన్నారు. పేరైనా అడుగలేదు. మంచి సమరయుని ఉపమానములో ప్రక్కగా పోయిన యాజకుని గూర్చి మేము ఎన్ని ప్రసంగములు చేశామో! ఆ రాత్రి బస్సులో “ఆ పెద్దయ్య బిడ్డ” అని మాత్రమే ప్రార్థించగలిగాము. నేటికిని ఆ బిడ్డ పేరు తెలియదు.

గీయుట మానలేదు. తరువాత డోర్నకల్ వెళ్లినప్పుడు, అజరయ్యగారి కాలములో కట్టబడి 1939లో ప్రతిష్ఠింపబడిన దేవాలయము ఎదుట కూర్చున్నాము. గుమ్మటములు గీస్తుండగా కాగితము మీద ఎవరిదో నీడ పడింది. వెంటనే పెన్సిలు క్రింద పెట్టి, “ఏమమ్మా?” అన్నాము. చంకలో పిల్లవానితో ఒక తల్లి.

“ఏం లేదు అయ్యగారూ, వీడు బొమ్మ చూస్తనంటున్నడు” అన్నది.

పుస్తకము వాని చేతికే ఇచ్చాము. వాడు ప్రతి పుట తిప్పి చూసి, మెదకు కిటికీ దగ్గర ఆగి, దీనికి రంగులు ఎందుకు వేయలేదని అడిగాడు.