మొహీన్ గుర్రాల జాడలో

కోల్‌కతా చూడబోయే తెలుగు యాత్రికుని వద్ద ఒక పట్టిక సిద్ధంగా ఉంటుంది. కాళీఘాట్, దక్షిణేశ్వరం, బేలూరు మఠం, హౌరా వంతెన. శరత్ నవలలను అనువాదంలో చదువుకున్నవారు కాలేజీ స్ట్రీటును కూడా చేర్చుకుంటారు. ఈ పట్టికకు ఎక్కని యాత్ర మరొకటి ఉన్నది. పార్క్ స్ట్రీటులో మెట్రో రైలెక్కి, దక్షిణ దిశగా గీతాంజలి స్టేషను వరకు సాగే యాత్ర అది. బెంగాలీలో తొలి రాక్ బృందంగా పేరొందిన 'మొహీనేర్ ఘోడాగులి' చరిత్ర అంతా ఇంచుమించు ఈ దారి వెంటే జరిగింది.

మొదటి మజిలీ పార్క్ స్ట్రీట్. 1960లలో ఈ వీధి రాత్రి వేళ ఆంగ్ల సంగీతానికి ఆటపట్టు. ట్రింకాస్ వంటి హోటళ్లలో గిటార్లు, డ్రమ్ములు మోగేవి. 1969 ప్రాంతంలో ఉషా ఉతుప్ అక్కడ చీర కట్టుకుని పాడి నగరాన్ని ఆకట్టుకున్నారు. అయితే ఆ తలుపులు దాటి బయటికి వస్తే వినిపించే బెంగాల్ వేరు. అక్కడ రవీంద్ర సంగీతం, సినిమా పాట, పల్లెల నుండి రైళ్లలో వచ్చే బౌల్ గాయకుల ఏక్‌తారా ఉండేవి. మన తత్వాలు పాడే బైరాగులకు బౌల్ గాయకులు దగ్గరి చుట్టాలు. ఈ రెండు లోకాల మధ్య రాకపోకలు చాలా తక్కువ.

ఆ రెంటినీ ఎరిగిన యువకుడు గౌతమ్ చట్టోపాధ్యాయ. ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుకున్నాడు, పార్క్ స్ట్రీటులో గిటారు వాయించాడు. 1967లో నక్సల్‌బరీలో రేగిన మంట శ్రీకాకుళం కొండలకు ఎలా పాకిందో తెలుగువారికి తెలుసు. అదే మంట కలకత్తా కళాశాలలను కూడా అంటుకున్నది. గౌతమ్ అందులో దిగి జైలుకు వెళ్లాడు. విడుదలైన తర్వాత కొంతకాలం మధ్యప్రదేశ్‌లో గడిపి, తిరిగి వచ్చాక 1975 ప్రాంతంలో ఈ బృందాన్ని కూర్చాడు. విశ్వనాథ్ చట్టోపాధ్యాయ, ప్రదీప్ చటర్జీ, రంజన్ ఘోషాల్, తపస్ దాస్, తపేశ్ బంద్యోపాధ్యాయ, అబ్రహాం మజుందార్ అతనితో చేరారు. మొత్తం ఏడుగురు. గిటారు, వయొలిన్, బౌల్ బాణీ ఒకే పాటలో కలిశాయి.

రైలు కాళీఘాట్ స్టేషను చేరుతుంది. పైన రాస్‌బిహారీ అవెన్యూ. 1954 అక్టోబరులో ఈ ప్రాంతంలోనే కవి జీవనానంద దాస్ ట్రాము ఢీకొని గాయపడి, కొద్ది రోజులకు ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయన వృత్తి ఆంగ్ల సాహిత్య బోధన. బతికి ఉండగా ఆయనకు దక్కిన ఆదరణ స్వల్పం. 1948 నాటి 'సాత్‌టి తారార్ తిమిర్' సంపుటిలోని 'ఘోడా' అనే కవిత నుండి ఈ యువకులు తమ బృందానికి పేరు తీసుకున్నారు. 'మొహీన్ గుర్రాలు' అని దాని అర్థం. మొహీన్ ఎవరో కవి చెప్పలేదు, పాటగాళ్లూ చెప్పలేదు. అనువాదం చేసేవారికి ఇటువంటి పేర్లు గొప్ప పరీక్ష. అర్థమంతా తెనిగించవచ్చు గాని, ఆ తెలియనితనాన్ని చెడకుండా తెనిగించడమే కష్టం.

వారి మొదటి రికార్డు 1977లో వచ్చింది. పేరు 'సంవిగ్న పాఖికుల్ ఓ కలకత్తా విషయక్'. కలవరపడిన పక్షులను, కలకత్తాను ఒక చోట చేర్చిన పేరు. 1978లో రెండవది, 1979లో మూడవది వచ్చాయి. రెండవదాని పేరుకు 'గుర్తు తెలియని ఎగిరే వస్తువు' అని అర్థం. మూడూ చిన్న రికార్డులే. రవీంద్ర సదన్ వంటి వేదికల మీద కూడా పాడారు. కాని ప్రేమ పాటకు, భక్తి పాటకు అలవాటుపడిన శ్రోతలకు, నగర జీవితంలోని విసుగును, ఒంటరితనాన్ని పాడే ఈ గొంతులు రుచించలేదు. రికార్డులు అమ్ముడుపోలేదు. 1981 నాటికి బృందం చెదిరిపోయింది. ఎవరి ఉద్యోగం వారిది, ఎవరి దారి వారిది అయింది. గౌతమ్ సినిమా వైపు మళ్లాడు. పాములవాళ్ల జీవితంపై అతడు తీసిన 'నాగమతి'కి ఉత్తమ బెంగాలీ చిత్రంగా జాతీయ పురస్కారం లభించింది.

కథ ఇక్కడితో ముగిసిపోవలసింది. కాని పాటలు చేతి నుండి చేతికి, కళాశాల నుండి కళాశాలకు పాకుతూ వచ్చాయి. 1992లో సుమన్ చటర్జీ 'తొమాకే చాయ్' వెలువడేనాటికి బెంగాలీ శ్రోతల చెవి మారింది. 1995లో కలకత్తా పుస్తక ప్రదర్శనలో గౌతమ్ ఒక కాసెట్టు విడుదల చేశాడు. 'ఆబార్ బొఛొర్ కుడి పొరే', అనగా 'మళ్లీ ఇరవై ఏళ్ల తర్వాత'. ఈ పేరు కూడా జీవనానందునిదే. దాని మీద బృందాన్ని గాయకులుగా గాక, సంపాదకులుగా పేర్కొన్నారు. తమ పాటలతో పాటు కొత్తతరం పిల్లల పాటలకు కూడా అందులో చోటిచ్చారు. ఒకనాడు తమకు దొరకని వేదికను చిన్నవారికి అమర్చి పెట్టడం పెద్ద మనసుకే సాధ్యం. తర్వాతి కాలంలో బెంగాల్‌లో వెలసిన బ్యాండ్లు దాదాపు అన్నీ తమ వంశవృక్షాన్ని ఇక్కడి నుండే లెక్కించుకుంటాయి.

ఆ కాసెట్టులో 'పృథిబీటా నాకి' అనే పాట ఉన్నది. ఇంటింటికీ వచ్చిన టెలివిజన్ పెట్టెలో ప్రపంచం కుంచించుకుపోతున్నదని, మనిషికి మనిషి దూరమవుతున్నాడని దాని వేదన. 2006లో 'గ్యాంగ్‌స్టర్' అనే హిందీ చిత్రంలో ఆ బాణీ 'భీగీ భీగీ' అనే విరహగీతమై దేశమంతటా మారుమోగింది. హైదరాబాదులో, విజయవాడలో కూడా జనం దానిని కూనిరాగంగా తీశారు. ఆ బాణీ ఎక్కడ పుట్టిందో తెలిసినవారు వారిలో ఎందరు? గౌతమ్ దానిని వినలేదు. 1999 జూన్ 20న గుండెపోటుతో మరణించాడు.

గీతాంజలి స్టేషనులో దిగితే నాక్‌తలా. దేశ విభజన తర్వాత కాందిశీకుల కాలనీలతో పెరిగిన దక్షిణ కలకత్తా శివారు ఇది. గౌతమ్ ఇల్లు ఇక్కడే. మెట్రో ఇక్కడికి 2009లో గాని రాలేదు. ఈ దారిలో చాలా స్టేషన్లకు కవుల, వీరుల, నటుల పేర్లున్నాయి. నగరం తన ప్రముఖులను ఎలా తలచుకుంటుందో వాటిని చదివితే తెలుస్తుంది. ఈ ఏడుగురి పేరు ఏ బోర్డు మీదా లేదు. రంజన్ ఘోషాల్ 2020లో పోయారు. తపస్ దాస్ క్యాన్సరుతో మంచం పట్టినపుడు, ఆయన చికిత్స కోసం కోల్‌కతాలోని పాటగాళ్లు కచేరీలు చేసి నిధి కూడగట్టారు. 2023లో ఆయన కూడా కన్నుమూశారు.

తమ కాలంలో ఎవరూ కొనని పాటకు ఇంతకంటే గౌరవం ఏముంటుంది? అయినా వినేవారి మీద ఒక చిన్న బాధ్యత మిగిలే ఉంటుంది. పాట గాలి వంటిది, దానికి సరిహద్దులు ఉండవు. అది ఏ భాషలోకైనా పోవచ్చు, ఎవరి గొంతులోనైనా పలకవచ్చు. అయితే దానిని కట్టినవాడి పేరు దానంతట అది ప్రయాణం చేయలేదు. దానిని మనమే మోసుకుపోవాలి.