వసై కోటలో తాత చెప్పిన మాట

ముంబైలో ఉంటూ కూడా వసై కోట చూడనివాళ్ళు చాలామంది ఉన్నారు. దాదర్‌లో విరార్ లోకల్ ఎక్కి వసై రోడ్డులో దిగితే, అక్కడి నుంచి ఆటోలో కోట దాకా పోవచ్చు. అది ఒట్టి కోట కాదు, గోడల మధ్య కట్టిన ఊరు. 1534లో గుజరాత్ సుల్తాను బహదూర్ షా వసైని పోర్చుగీసువాళ్ళకు ఇచ్చాడు. 1739లో చిమాజీ అప్పా నాయకత్వంలో మరాఠాలు దాన్ని గెలిచారు. ఇప్పుడు లోపల పైకప్పులు లేని చర్చీలు, చెట్ల వేళ్ళు పట్టిన గోడలు మిగిలాయి. సముద్రం వైపు ద్వారం దాటితే మాత్రం జాలర్ల పడవలు, ఎండుచేపల వాసన!

డిసెంబరు సెలవుల్లో తాతతో కలిసి వెళ్ళాం. తాత కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి పరేల్‌లో బట్టల మిల్లులో పనిచేసేవాడు. 1982 సమ్మె తర్వాత మళ్ళీ ఆ పని దొరకలేదు. మిల్లు ఉన్నచోట ఇప్పుడు పెద్ద మాల్ ఉంది.

తాత కోటగోడ మీద చెయ్యి పెట్టి, "మా మిల్లుకు గీ మొండిగోడలన్నా మిగల్లేదు బిడ్డా" అన్నాడు. నాకు ఏం చెప్పాలో తోచలేదు. అక్కడే ఒకతను తాళంచెవితో రాయి మీద పేరు చెక్కుతుంటే, తాత మరాఠీలో గట్టిగా వద్దన్నాడు.

కోట సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. తాత మిల్లు సంగతి తాత దగ్గరే ఉంది. అందుకే నైట్ షిఫ్టులు, మగ్గాల మోత, చాల్‌లో పండగలు అన్నీ అడిగి ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. ఇప్పటికి పద్నాలుగు పేజీలయ్యాయి. మీ ఇంట్లోనూ తాత, నానమ్మ ఉంటే అడిగి రాసిపెట్టుకోండి.