కంటికి అందని వెలుగు

పొలం గట్టున నిలిచిన వానికి చెరకు తోట పచ్చగా కనిపిస్తుంది. కాని ఆ తోట తిప్పి పంపే వెలుగులో కంటికి అందేది స్వల్పభాగమే. ఆకులోని పత్రహరితం ఎరుపు, నీలి కాంతులను తన అవసరానికి గ్రహించి, ఆకుపచ్చను కొంత విడిచిపెడుతుంది. ఎరుపునకు ఆవల ఉన్న పరారుణ కాంతితో దానికి పని లేదు. ఆ కాంతి ఆకులోనికి చొచ్చుకొనిపోయి, కణాల నడుమ గల గాలి గదులలో చెదరి, అధికభాగం వెలుపలికి వచ్చేస్తుంది. మనిషి కంటికి మాత్రం అది చీకటితో సమానం.

ఈ కాంతి ఉనికిని 1800లో విలియం హెర్షెల్ ఉష్ణమాపకంతో పసిగట్టాడు. 1910లో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు రాబర్ట్ వుడ్ దీనితో తీసిన ఛాయాచిత్రాలను ప్రకటించాడు. వాటిలో చెట్లు మంచు కురిసినట్లు తెల్లబారాయి, ఆకాశం నల్లబడింది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ గుణమే సైన్యాలకు అక్కరకు వచ్చింది. ఆకుపచ్చ రంగు పూసిన గుడ్డ కంటిని మోసగించినా, సజీవమైన ఆకు పక్కన పరారుణ ఫిల్ములో దాని గుట్టు బయటపడింది. భారతదేశపు ఐ.ఆర్.ఎస్–1ఎ ఉపగ్రహం 1988 నుండి పైర్లను పరిశీలించినదీ కొంతవరకు ఈ కాంతిలోనే.

యుద్ధ సాధనమైన ఆ ఫిల్మును కవితగా మార్చినవాడు సోవియట్ ఛాయాగ్రాహకుడు సెర్గీ ఉరుసెవ్‌స్కీ. మిఖాయిల్ కలతోజోవ్ దర్శకత్వంలో 1964లో వెలువడిన ‘సోయ్ క్యూబా’ కోసం, సైన్య అవసరాలకు తయారైన పరారుణ ఫిల్మును ఆయన వాడాడు. నల్లని ఆకాశం కింద తాటిజాతి వృక్షాలు వెండి ఈకలవలె నిలిచాయి. చెరకు తోట తెల్లగా జ్వలించింది. తాను సాగుచేసిన భూమి పరుల పాలైందని తెలిసిన కౌలు రైతు ఆ తోటకే నిప్పు పెడతాడు. కాలిపోతున్నది పంట కాదు, వెలుగే అనిపిస్తుంది చూసేవారికి. అటు హవానాలోను, ఇటు మాస్కోలోను ఆ చిత్రానికి ఆదరణ లభించలేదు. 1990లలో ప్రపంచం దానిని తిరిగి కనుగొనేనాటికి దర్శకుడు గాని, ఛాయాగ్రాహకుడు గాని జీవించి లేరు.

ఫిల్ము యుగంలో అరుదైన ఆ చూపు డిజిటల్ కెమెరాకు పుట్టుకతోనే ఉంది. దాని సిలికాన్ ఫలకం సుమారు 1100 నానోమీటర్ల వరకు కాంతిని గ్రహించగలదు. రంగులు చెడిపోకుండా తయారీదారులే ఆ ఫలకం ముందు అడ్డుగాజు అమర్చి పరారుణాన్ని ఆపుతారు. ఆ గాజును తొలగించి, కనిపించే కాంతిని ఆపే ఫిల్టరును పెడితే కెమెరా ఆవలి వెలుగును చూస్తుంది. అయితే కటకం ఆ కాంతిని తక్కువగా వంచుతుంది గనుక ఫోకస్ జరుగుతుంది. కొన్ని కటకాలలో తెర నడుమ తెల్లని మచ్చ తేలుతుంది. నల్లని దుస్తులలో ఒకటి నల్లగానే ఉండగా మరొకటి పాలవలె తెల్లబడుతుంది. కనుక ప్రతి గుడ్డనూ ముందుగా కెమెరా ఎదుట పరీక్షించక తప్పదు.

ఇంత శ్రమ ఎందుకు, చిత్రీకరణ ముగిసిన తరువాత గ్రేడింగులో పచ్చదనాన్ని తెల్లబరిస్తే చాలదా అని అడిగేవారున్నారు. ఆ పని సులభమే. కాని గ్రేడింగుకు తెలిసినది రంగు మాత్రమే. అది చెట్టు ఆకును, ఆకుపచ్చ చీరను ఒకే తీరున తెల్లబరుస్తుంది. యుద్ధకాలపు రంగుగుడ్డకు మోసపోయిన కన్ను అదే. నమోదు కాని వెలుగును ఏ యంత్రమూ తరువాత తెచ్చి పెట్టలేదు.

2024లో విడుదలైన ‘డ్యూన్’ రెండవ భాగంలో దర్శకుడు డెనీ విల్‌నోవ్, ఛాయాగ్రాహకుడు గ్రెగ్ ఫ్రేజర్ నిజమైన పరారుణాన్నే ఎంచుకున్నారు. నల్లని సూర్యుడు వెలిగే గీడీ ప్రైమ్ గ్రహంపై ఆరుబయట దృశ్యాలను మార్పుచేసిన కెమెరాతో తీశారు. అలా తీసిన దృశ్యానికి రంగుల ప్రతి ఉండదు. మనసు మారినా వెనుకకు దారి లేదు. ఆ కాంతి చర్మంలోనికి కొంత దిగి చెదురుతుంది గనుక మచ్చలు మాసిపోయి ముఖాలు మైనపు బొమ్మలవలె పాలిపోయాయి. క్రూరత్వమే ధర్మమైన ఆ లోకానికి అంతకంటె తగిన ముఖం లేదు.

క్యూబాలో ఆకును వెలిగించిన కాంతే ఇక్కడ మనిషి ముఖాన నెత్తుటి జాడను చెరిపివేసింది. కాంతికి పక్షపాతం లేదు. దానిని దేనిపై నిలపాలో నిర్ణయించవలసినది ఛాయాగ్రాహకుడే. అదీ కెమెరా తిరగక ముందే. తరువాత దిద్దుకోవచ్చునన్న భరోసా అలవాటైన ఈ కాలంలో, ఆ ముందుచూపే ఆ కళకు మిగిలిన నియమం.