గోధుమరంగు బాతులన్నీ ఆడవేనా?

చలి ముదిరేసరికి కరీంనగర్ లోయర్ మానేరు జలాశయంలో, అటు కడెం ప్రాజెక్టు వెనక నీళ్లలో, ఊళ్ల చెరువుల్లో బాతుల గుంపులు దిగుతాయి. కట్ట మీంచి చూస్తే అన్నీ ఒకటే... నల్లటి చుక్కలు! ఒకప్పుడు ఆ చుక్కల మీదికే తుపాకులు పేలేవి. గుంపు లేచాక అది ఏ బాతో తేల్చుకోవడానికి వేటగాడికి దొరికేవి రెండుమూడు క్షణాలే.

ఆ వేట ఇప్పుడు నేరం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినా, కొన్నింటిని లైసెన్సు మీద కాల్చే వీలు మిగిలింది. 1991 సవరణతో అదీ పోయింది. తుపాకీ పోయినా వేటగాళ్ల చూపు మాత్రం పనికొచ్చేదే. బైనాక్యులర్ పట్టుకున్నవాళ్లకు ఇప్పుడు కావలసిందీ అదే.

ముందు రంగు చూడకూడదు, లేవడం చూడాలి. పైపైన మేసే సూదితోక బాతు, టీల్, గార్గెనీ నీటి మీంచి నిట్టనిలువుగా లేస్తాయి. మునిగి మేసే పోచర్డులు అలా లేవలేవు. నీటి మీద కొంతదూరం పరుగెత్తాకే గాల్లోకి. ఎగురుతూ ఈలవేసినట్టు కూస్తే అది చిలువ. దాన్ని చీకట్లో కూడా గుర్తుపట్టవచ్చు.

అసలు తిప్పలు ఆడా మగా తేల్చడంలోనే. పుస్తకంలో బొమ్మలు చూస్తే చాలా తేలిక... మగది రంగులమయం, ఆడది గోధుమరంగు. ఆ పుస్తకం పట్టుకుని అక్టోబరులో చెరువుకు వెళితే గుంపులో ఒక్క మగదీ ఉన్నట్టుండదు! మరి మగవన్నీ ఏమైనట్టు? అక్కడే ఉంటాయి. సైబీరియా వైపు సంతానోత్పత్తి ముగిశాక మగబాతులు పెళ్లిబట్టలు విప్పేసినట్టు రంగుల ఈకలు రాల్చి, ఆడవాటిలాంటి ముతక ఈకలు తొడుక్కుంటాయి. ఆ రోజుల్లోనే రెక్కల ఈకలూ ఊడి కొన్ని వారాలు ఎగరలేవు. శత్రువు కంట పడకుండా ఉండాలంటే గోధుమరంగే మేలు. ఆ వేషంతోనే మన దగ్గరికొస్తాయి. సూదితోక బాతుకు డిసెంబరు నాటికి చాక్లెట్ రంగు తల, మెడమీద తెల్లగీత తిరిగొస్తాయి. గార్గెనీ మరీ బద్ధకం. దాని కంటిమీది తెల్లటి కనుబొమ గీత చాలావాటిలో ఫిబ్రవరి దాకా రాదు. అది వచ్చాక ఎంతో కాలం ఇక్కడ ఉండదు, తిరుగు ప్రయాణమే. అందాకా ఆనవాలు రెక్క ముందుభాగమే. ఎగిరినప్పుడు అక్కడ లేత నీలిబూడిద రంగు మెరిస్తే మగది.

ఇక్కడే పుట్టి పెరిగే బాతుల పద్ధతి వేరు. ముక్కు చివర పసుపు, మొదట్లో రెండు ఎర్రచుక్కలుండే బాతులో ఆడా మగా దాదాపు ఒకేలా ఉంటాయి. చిలువలూ అంతే. చెట్టుతొర్రల్లో గుడ్లుపెట్టే జుట్టు చిలువలో మాత్రం మగదాని ముక్కు మీద నల్లటి బొడిపె ఉంటుంది. వానాకాలంలో అది మరింత ఉబ్బుతుంది. దానికంటే బాగా చిన్నగా, బొడిపె లేకుండా ఉండేది ఆడది. ఆ రెండింటినీ పక్కపక్కన చూసి వేర్వేరు జాతులనుకుంటే తప్పుపట్టలేం.

పొరపాటు పడితే ఏమవుతుందిలే అనిపించవచ్చు. గులాబీ తల బాతు సంగతి వింటే అలా అనిపించదు. గంగా మైదానాల్లో, ఈశాన్యాన ఉండేదది. 1935లో బీహార్‌లోని దర్భంగా ప్రాంతంలో ఒకటి తుపాకీకి పడింది. దశాబ్దాలుగా అది బతికి ఉందనేందుకు గట్టి ఆధారం లేదు. చూశామని కబుర్లు రాకపోలేదు. కానీ నారింజరంగు తల, ఎర్రముక్కు ఉన్న మరో వలస బాతును, అంటే రెడ్ క్రెస్టెడ్ పోచర్డును, చూసి పొరబడే వీలు ఎప్పుడూ ఉంటుంది. ఆ పోచర్డు తెలంగాణ జలాశయాలకూ వస్తుంది.

ఇక సంకరాలు. బాతులు ఇందులో మహా ఘటికులు, జాతి దాటి జతకట్టడం వాటికి కొత్తకాదు. అయితే చెరువులో వింతబాతు కనబడగానే సంకరం అనేయడం తొందరపాటు. సగం ఈకలు మార్చుకున్న మగబాతు కూడా అచ్చం అలాగే అతుకులబొంతలా ఉంటుంది. నెల తర్వాత అదే చెరువులో నిండు రంగుల్లో తిరుగుతుంటే నవ్వొస్తుంది. రెండో అనుమానం పెంపుడు బాతుల మీద పడాలి. మన ఇళ్లలో తిరిగే మామూలు బాతులు మల్లార్డ్ వంశం. అడవి మల్లార్డ్ దక్షిణాదికి రావడం అరుదు. కాబట్టి మానేరులో ఆకుపచ్చ తల కనిపిస్తే ముందు ముక్కు చూడాలి. గరిటెలా వెడల్పుగా ఉంటే షవలర్. మామూలుగా ఉండి, తోకమీద రెండుమూడు ఈకలు పైకి మెలితిరిగి, మనిషిని చూసి బెదరకపోతే... కట్టకింద ఎవరింటి బాతో అది!