కెమెరా సంచీ

ఊరు వెళ్ళడం ఒక ఎత్తు, దానికి సర్దుకోవడం ఒక ఎత్తు. చీరల పెట్టె అరగంటలో సర్దేస్తాను. నాకు రెండు రోజులు పట్టేది కెమెరా సంచీ.

నవ్వకండి. పిల్లలు హాస్టళ్ళకు వెళ్ళిపోయాక పట్టుకున్న పిచ్చి ఇది. ఇంకా వదల్లేదు.

ఈసారి ప్రయాణం లేపాక్షికి, మా అమ్మతో. ఆవిడకు ఎనభై దాటాయి. "మోకాళ్ళు పూర్తిగా మొరాయించకముందే ఆ బసవన్నను చూపించవే" అంది. హిందూపురానికి టిక్కెట్లు కొన్న రాత్రే మంచం మీద సామానంతా పరిచాను.

వంటింట్లో గరిటెల్లాంటివే కెమెరాకు లెన్సులు. అట్లకాడతో పులుసు పోయలేం, పులుసుగరిటెతో అట్టు తిరగేయలేం. గుడి మొత్తం రావాలంటే 18-55. గోపురం మీది బొమ్మను చేతికందేంత దగ్గరకు లాగాలంటే 70-300. ఇక 50 అని ఒకటుంది. అది ముందుకూ జరగదు, వెనక్కూ జరగదు. మనమే జరగాలి. ఇవిగాక మూడుకాళ్ళ స్టాండు.

మా ఆయన గుమ్మంలో నిలబడి చూసి, "లేపాక్షి చూడ్డానికి వెళ్తున్నారా, ఎత్తుకు రావడానికా?" అన్నారు.

ముందు స్టాండు తీసేశాను. పురావస్తు శాఖవారి కట్టడాల్లో అనుమతి లేనిదే దాన్ని వేయనివ్వరు. అక్కడి మండపం కప్పు నిండా విజయనగర కాలపు రంగుల బొమ్మలు. నాలుగు వందల ఏళ్ళు దాటిన రంగుల మీద ఫ్లాషు కొట్టకూడదు. లోపలేమో వెలుతురు తక్కువ. అక్కడ అక్కరకొచ్చేది 50 లెన్సే. లెన్సుల లెక్క తిరకాసు లెక్క. అంకె ఎంత చిన్నదైతే కన్నం అంత పెద్దది. నా 18-55 పూర్తిగా ముందుకు లాగితే 5.6 దగ్గర ఆగిపోతుంది. 50 అయితే 1.8 దాకా తెరుచుకుంటుంది. అంటే దాదాపు పదింతల వెలుతురు. కిటికీ ఓరగా తీయడానికీ, బార్లా తీయడానికీ ఉన్నంత తేడా! అందుకని 18-55 కూడా పక్కకు పోయింది. గుడి మొత్తం కావాలంటే చేతిలో ఫోను ఉండనే ఉంది. బసవన్న ఆరుబయటే ఉన్నాడు, నాలుగడుగులు వెనక్కి నడిస్తే సరి.

70-300 మాత్రం వదలబుద్ధి కాలేదు. దాన్ని చేతిలో పట్టుకునే కూర్చున్నాను.

2009లో హంపి వెళ్ళినప్పుడు రోజంతా దానితోనే తీశాను. ఆరువందల ఫొటోలు. రాతిరథం చక్రం మీది చెక్కడం గీత గీతా కనిపిస్తుంది. నా సంచీ మోసింది నాన్న. "నువ్వు తీసుకోవే, నేను పట్టుకుంటాగా" అంటూ ఎండలో వెనకే నడిచారు. ఆ తర్వాత నాలుగు నెలలకే ఆయన పోయారు. పటం కట్టించడానికి ఫొటో కోసం ఆ ఆరువందలూ వెతికాను. ఒకే ఒక్కదాంట్లో, ఓ అంచున, అటు తిరిగి ఉన్న నాన్న వీపూ, భుజాన వేలాడుతున్న నా సంచీ. చివరికి ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫొటోలోంచి ఆయన ముఖం కత్తిరించి పెద్దది చేయించాం.

ఆ లెన్సుకో గుణం ఉంది. ఎంతో దూరంగా ఉన్నది స్పష్టంగా చూపిస్తుంది గానీ, నాలుగడుగుల్లో నిలబడ్డ మనిషి దానికి ఆననే ఆనరు. తప్పు లెన్సుది కాదనుకోండి.

లేచి దాన్ని బీరువాలో పెట్టేశాను. కెమెరాకు 50 తగిలించాను. రెండొందల గ్రాములైనా లేదు. లేపాక్షి ఫొటోలు ఎవరెవరో తీసినవి కొల్లలుగా ఉన్నాయి. మా అమ్మవే లేవు.

పొద్దున్నే కిటికీ దగ్గర పూలు కట్టుకుంటున్న అమ్మను ఒకటి తీశాను.

"ఇదేమిటే, బసవన్నను తీస్తానని నన్ను తీస్తున్నావు?"

"వెలుతురు చూస్తున్నానమ్మా" అన్నాను.

ఖాళీ అయిన సంచీలో ఆవిడ మోకాళ్ళ తైలం, మంచినీళ్ళ సీసా, చక్కిలాల డబ్బా సర్దేసి, "ఇప్పుడు పనికొచ్చే సంచీ అయింది" అంది. ఎత్తి చూశాను. బరువేమీ తగ్గలేదు. కానీ ఈసారి అది నా భుజానే ఉంటుంది.