ఎర్రని బంగారం

భిలాయి సెక్టర్ 6లోని మా క్వార్టర్‌లో మూడు తరాలవి మూడు మాటతీరులు. మా అమ్మది శ్రీకాకుళం తెలుగు. నాది హిందీ కలిసిన తెలుగు. ఎమ్మెస్సీ రసాయనశాస్త్రం చదువుతున్న మా అమ్మాయికి ముందుగా హిందీయే నోటికి వస్తుంది. మన భాష ఈమెతోనే ఆగిపోతుందేమోనన్న దిగులు నన్ను చాలాకాలంగా వెంటాడుతూ ఉండేది.

మొన్న దసరా సెలవులలో ఆమె, తాను ప్రయోగశాలలో తయారుచేసిన ఎర్రని బంగారు ద్రవాన్ని గురించి నాతో హిందీలో చెబుతున్నది. ‘సోనా’, ‘లాల్’ అన్న రెండు మాటలు పట్టుకొని, “బంగారం ఎర్రగుండడమేటే?” అని అడిగింది మా అమ్మ. అమ్మాయి తడుముకొంటూ తెలుగులో మొదలుపెట్టింది.

మీటరును వంద కోట్ల భాగాలు చేస్తే, అందులో 20 భాగాలంత ఉంటుందట ఆ బంగారు కణం. వెలుగు సోకగానే అందలి ఎలక్ట్రానులు ఒక్కుమ్మడిగా ఊగి, నీటిలో ఉన్నప్పుడు ముఖ్యంగా ఆకుపచ్చని కాంతిని పీల్చుకొంటాయి. అందువల్ల ద్రవం ఎర్రగా కనిపిస్తుంది. నీటికి బదులు కాంతిని మరింత వంచే ద్రవం చుట్టూ ఉంటే, ఆ రంగు కొద్దిగా మారుతుంది. ఉప్పు కలిపితే కణాలు గుమిగూడి, ద్రవం నీలమైపోతుంది. 1857లో మైకేల్ ఫారడే లండన్‌లో ఈ మార్పును గమనించాడు. ఇటువంటి కణాల రంగులకు 1908లో గుస్తావ్ మీ గణితంతో కారణం చూపాడు.

“ఉప్పు వెయ్యకముందు ఎందుకు కలవవు?” అన్నది అమ్మ. ‘వికర్షణ’ అన్న మాట గుర్తురాక అమ్మాయి రెండు చేతులూ ఎడంగా జరిపి చూపించింది.

“ఒకదాన్నొకటి తోసుకుంటాయన్నమాట.”

“అవును మామ్మా, అదే! ఉప్పు ఆ తోపును తగ్గించేస్తుంది.”

“మరి మళ్ళీ ఎర్రబడదా?”

“మామూలుగా పడదు. కాని ముందే కాస్త జెలటిన్ కలిపితే, కణాల చుట్టూ పలుచని పొర కట్టి, ఉప్పు వేసినా ఎరుపు నిలుస్తుంది.”

ఆ మాట నన్ను ఆలోచింపజేసింది. 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన ఈ ఊరు అన్ని ప్రాంతాలవారిదీ. ఇక్కడి గాలి సోకి మన మాట రంగు కొంత మారడం సహజమే. అందులో దోషమూ లేదు. ఇన్నాళ్ళూ నేను ఊరినే తప్పుపట్టాను కాని, ఇంట్లో ఆ పలుచని పొర వేయవలసిన నేనే, సులువని అమ్మాయితో హిందీలో మాట్లాడుతూ వచ్చాను.

ఇప్పుడు ఆమె ప్రతి ఆదివారం మామ్మకు ఫోను చేస్తున్నది. తెలుగు మాట దొరకనప్పుడు, ఆమెనే అడుగుతున్నది.